వాడ నుంచి మాట – 17: వినతిపత్రం వద్దు, ప్రశ్న కావాలి



పోయిన వారం మాయమ్మ బీపీ మాత్రల కోసం అనంతపురం వచ్చింది. నా రూములోకి వస్తూనే కొంగు ముడి విప్పి బస్సు టికెట్ చూపించింది. దాని మీద సున్నా రూపాయలు అని ఉంది. "గవర్మెంటోళ్ళు నన్ను ఉత్తపుణ్యానికి తెచ్చినారు నాయనా" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, మడమలు పిసుక్కుంటా ఇంకో మాట అనింది. "రోడ్డు కాడికి నడిచే దానికి మాత్రం ఎవురూ టికెట్ ఇయ్యరు కదప్పా."

ఈ రోజు రాత మొత్తం ఆ రెండో మాట గురించే.

మా వాడ నుంచి మెయిన్ రోడ్డు 4 కిలోమీటర్లు. నా చిన్నప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊర్లోకి ఎర్రబస్సు వచ్చేది. రచ్చకట్ట దగ్గర తిరుక్కుని వెళ్ళిపోయేది. వంక దాటి మా వాడ దాకా ఒక్క రోజూ రాలేదు. అడిగితే బస్సు తిప్పుకోవడానికి జాగా లేదనేవాళ్ళు. ఊర్లో పెద్దింటి పెళ్ళికి మాట్లాడిన స్పెషల్ బస్సు మాత్రం మా వాడ పక్క చింతచెట్టు కిందే తిరిగింది. నేను కళ్ళారా చూశాను. కొన్నేళ్ళకు కలెక్షన్ లేదని ఆ రెండు ట్రిప్పులూ తీసేశారు. నా చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరంలో చదువు మానేసింది. ఫెయిలై మానలేదు. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యాక చీకట్లో 4 కిలోమీటర్లు ఒంటరిగా నడవలేక మానేసింది.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకు ఉచితం. నేను ఈ పథకానికి వ్యతిరేకిని కాదు. కూలికి పోయే తల్లికి రోజూ మిగిలే బస్సు చార్జీ అంటే ఏమిటో ఏసీ గదుల్లో కూర్చుని "ఉచితాలు దేశాన్ని ముంచుతున్నాయి" అనేవాళ్ళకు తెలియదు, మనకు తెలుసు. నా ప్రశ్న వేరే. వచ్చే బస్సు ఉచితం, సరే. రాని బస్సు సంగతేమిటి? టికెట్ సున్నా చేయడానికి ఒక జీవో చాలు. వాడకు బస్సు రావాలంటే రోడ్డు కావాలి, బండి కావాలి, డ్రైవరు కావాలి, అన్నిటికీ మించి ఆ వాడలో మనుషులున్నారని ఒప్పుకోవాలి.

ఆర్టీసీలో ఒక లెక్క ఉంది. దాన్ని ఈపీకే అంటారు. కిలోమీటరుకు ఎంత ఆదాయం వచ్చిందనే లెక్క. ఇంకొకటి ఓఆర్, అంటే సీట్లు ఎంత శాతం నిండాయని. ఈ రెండూ తక్కువైన రూటు మీద ముందు కత్తి పడుతుంది. చూడటానికి కులం లేని లెక్కలాగే ఉంటుంది. కానీ వంక అవతల, గుట్ట కింద, ఊరికి దూరంగా మన ఇండ్లను ఎవరు పెట్టించారు? ముందు మనల్ని దూరంగా పెట్టి, తర్వాత ఆ దూరానికి లెక్కగట్టి, నష్టం వస్తోంది కాబట్టి బస్సు రాదంటే, అంటరానితనం డిపో రిజిస్టర్లోకి ఎక్కినట్టే. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఆడవాళ్ళ టికెట్ డబ్బును ప్రభుత్వమే భరిస్తానంది. ఇంకా "సంస్థకు నష్టం" అనే మాట చాటున మంత్రులు దాక్కోవడానికి లేదు.

మరి ఈ మాట మంత్రిని సభలో నిలబెట్టి ఎవరు అడగాలి?

ఉమ్మడి అనంతపురం జిల్లాకు 14 అసెంబ్లీ సీట్లు. 2019లో అందులో 12 వైసీపీకి వచ్చాయి. 2024లో 14కు 14 కూటమికి వచ్చాయి. ఆ 14 మందిలో ముగ్గురు మంత్రులు. ఉరవకొండ నుంచి పయ్యావుల కేశవ్ గారిది ఆర్థిక శాఖ, ధర్మవరం నుంచి సత్యకుమార్ యాదవ్ గారిది ఆరోగ్యం, పెనుకొండ నుంచి సవిత గారిది బీసీ సంక్షేమం. రవాణా మంత్రి మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారిదీ పక్కనున్న రాయచోటే. మంత్రులు జవాబులు చెప్పేవాళ్ళు, అడిగేవాళ్ళు కారు. ఇక ప్రశ్న వేయగలిగింది 11 మంది. వాళ్ళంతా అధికార పక్షమే. రాష్ట్రం మొత్తం మీద వైసీపీకి మిగిలింది కూడా 11 మందే. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వాళ్ళు దాదాపు ఎప్పుడూ సభకు దూరంగానే ఉన్నారు. హోదా లేకపోతే ప్రశ్న వేయకూడదని ఏ నిబంధనలో ఉంది? ఒక్క సభ్యుడికీ ప్రశ్న వేసే హక్కు ఉంది. ఓట్లేసిన జనం మిమ్మల్ని పంపింది కుర్చీ వరస చూసుకోవడానికి కాదు. అడగాల్సినవాళ్ళు ఇంట్లో కూర్చుంటే, లోపల ఉన్నవాళ్ళు బల్లలు చరుస్తుంటే, మధ్యలో మా వాడ మూగదైపోయింది.

"మా ఎమ్మెల్యే అడిగాడన్నా, మంత్రి గారిని కలిశాడు, ఫోటో చూడు" అని నాకు మెసేజ్ పెట్టే తమ్ముళ్ళున్నారు. ఆ ఫోటోను సరిగ్గా చూడండి. శాలువా, బొకే, రెండు చేతులతో అందిస్తున్న కాగితం. అది వినతిపత్రం. వినతిపత్రానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మంత్రికి లేదు. దయ కలిగితే చేస్తాడు, లేకపోతే పీఏ చేతికిస్తాడు. ఆ కాగితానికి రికార్డు లేదు, గడువు లేదు.

ప్రశ్న అట్లా కాదు. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్న సభ ముందుకొస్తే మంత్రి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. చెప్పింది రికార్డవుతుంది. "చేస్తాం" అంటే అది హామీ అవుతుంది, ఆ హామీ ఏమైందో చూడటానికి సభలోనే హామీల కమిటీ ఉంది. రాజ్యాంగం 164వ అధికరణం మంత్రిమండలి శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహించాలని చెప్పింది. అంటే మంత్రి ఇక్కడ దాత కాదు, లెక్క చెప్పాల్సినవాడు. మనం ఓటు వేసి కొనుక్కున్న ఆ హక్కును మన ఎమ్మెల్యేలు శాలువాలో చుట్టి తిరిగి మంత్రికే ఇచ్చేస్తున్నారు.

జవాబు చెప్పకపోతే ఏమవుతుందో మన జిల్లాకు బాగా తెలియాలి. ఇల్లూరు గ్రామంలో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో బస్సు రూట్లను జాతీయం చేశారు. రాజకీయ కక్షతో ముఖ్యమంత్రే ఇట్లా చేయించారని ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. 1964లో కోర్టు ఆ మౌనాన్ని ఆయనకు వ్యతిరేకంగానే లెక్కేసింది, పథకాన్ని కొట్టేసింది. సంజీవరెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. బస్సు రూట్ల మీద అడిగిన మాటకు జవాబు లేకపోవడం ఒక ముఖ్యమంత్రి కుర్చీని కదిలించింది.

కానీ ఒకటి గమనించండి. ఆ కేసు వేసింది బస్సులున్నవాళ్ళు. వాళ్ళకు ప్లీడర్లున్నారు. బస్సు లేనివాళ్ళ కేసు ఏ కోర్టుకూ పోలేదు. కోర్టులో జవాబివ్వని ఆరోపణ నిలబడుతుంది. సభలో అడగని ప్రశ్న పుట్టక ముందే చచ్చిపోతుంది.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి వద్దాం. రాష్ట్రంలో 29 ఎస్సీ సీట్లున్నాయి. మన ఉమ్మడి జిల్లాలో శింగనమల, మడకశిర. ఏ పార్టీ గెలిచినా ఈ సీట్లలో నిలబడేది మన బిడ్డలే. కానీ టికెట్ ఇచ్చేది మనం కాదు, గెలుపును తేల్చే ఓట్లూ ఎక్కువగా మనవి కావు. ఇది మనుషుల పిరికితనం ఒక్కటే కాదు, 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందంతో వేసిన ముడి. ఆ ఒప్పందానికి యాభై ఏళ్ళు నిండిన 1982లో కాన్షీరాం ఈ జబ్బుకే "చంచా యుగం" అని పేరు పెట్టి పుస్తకం రాశారు. అందుకే నేను ఏ ఎమ్మెల్యేనూ పేరు పెట్టి తిట్టను. అక్కా, అన్నా, మీ కష్టం మాకు తెలుసు. అయితే పార్టీని ధిక్కరించమని మేము అడగడం లేదు. ప్రశ్న వేయడం ధిక్కారం కాదు, అది మీ ఉద్యోగం. పార్టీ ఇచ్చిన బీఫారం ఎన్నికల రోజుతో అయిపోయింది. వాడ ఇచ్చిన ఓటు ఐదేళ్ళుంటుంది.

"అసెంబ్లీతో ఏమవుతుందన్నా, అదంతా బూటకం" అనే మిత్రులకు ఒక మాట. ఇదే గడ్డ మీద 1952లో సంజీవరెడ్డి గారిని ఓడించిన తరిమెల నాగిరెడ్డి గారు 1969లో ఆ సభ మీద నమ్మకం పోయి రాజీనామా చేసి బయటికొచ్చారు. ఆయన నిజాయితీకి నా దండం. కానీ ఆయన వదిలేసిన మైకు మన చేతికి ఇంకా రాలేదు. చేతికి రాని దాన్ని వదిలేయడం త్యాగం ఎట్లా అవుతుంది?

మన పెద్దలు సభను వాడుకున్నారు. అనంతపురం మద్రాసు రాజధాని కింద ఉన్న రోజుల్లో, 1924లో రెట్టైమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టారు. పబ్లిక్ రోడ్ల మీద, వీధుల్లో, బావుల దగ్గర మన మనుషులను ఎవరూ ఆపకూడదని. అక్కడ బొంబాయి మండలిలో 1923లో బోలే తీర్మానం పాసైంది, 1924లో మహద్ మునిసిపాలిటీ చెరువు అందరిదీ అని రాసింది. కాగితం రాసినంత మాత్రాన నీళ్ళు రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. సభ కాగితం ఇచ్చింది, కాళ్ళు దాన్ని నిజం చేశాయి. కాగితం లేకుండా నడిస్తే మనల్ని అతిక్రమణదారులు అంటారు. నడవకుండా కాగితం పట్టుకుని కూర్చుంటే అది చెదలకు మేత. రెండూ కావాలి.

అందుకే ఈసారి వినతిపత్రం రాయలేదు. ప్రశ్నే రాశాను. సభ పద్ధతిలోనే. ఏ ఎమ్మెల్యే అయినా కింద సంతకం పెట్టి ఇచ్చేయొచ్చు.

రవాణా శాఖ మంత్రి దయతో ఈ క్రింది విషయాలు తెలియజేస్తారా:

(ఎ) ఉమ్మడి అనంతపురం జిల్లాలో గత పదేళ్ళలో రద్దయిన పల్లెవెలుగు ట్రిప్పులు ఎన్ని? ఏ ఏ గ్రామాలకు?

(బి) అందులో ఎస్సీ కాలనీలకు దగ్గరగా వెళ్ళేవి ఎన్ని?

(సి) బస్సు ఎక్కడానికి 2 కిలోమీటర్ల కన్నా ఎక్కువ నడవాల్సిన ఎస్సీ కాలనీలు ఎన్నో ప్రభుత్వం లెక్క తీసిందా?

(డి) స్త్రీశక్తి ఖర్చులో గానీ, రోడ్ల ఖర్చులో గానీ ఎస్సీ సబ్ ప్లాన్ నిధుల కింద ఏమైనా చూపించారా? చూపితే ఎంత? దానితో ఏ వాడకు బస్సు వచ్చింది?

చివరిదాన్ని ఆర్థిక మంత్రి గారికి కూడా పంపుతున్నాను. 2019 నుంచి 2024 దాకా ప్రతిపక్షంలో ఉండి ప్రజాపద్దుల కమిటీ ఛైర్మన్‌గా లెక్కలడిగిన మనిషి ఆయన. లెక్క అడగడం తప్పు కాదని ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సబ్ ప్లాన్ చట్టం 2013 నుంచి ఉంది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మన జనాభా దామాషాలో డబ్బు పక్కన పెట్టి, ఆ డబ్బు మనకే చేరేలా చూడాలన్నది దాని ప్రాణం. చేరిందా లేదా అని అడగడం మన హక్కు.

జవాబు ఎట్లా వస్తుందో నాకు ముందే తెలుసు. "పరిశీలనలో ఉంది." "నిధుల లభ్యతను బట్టి." లేదా మనవాళ్ళకు బాగా అలవాటైన ఆ వాక్యం, "ప్రశ్న ఉత్పన్నం కాదు." ఉత్పన్నం కాదట! నా చెల్లెలు పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టిన రోజే ఆ ప్రశ్న పుట్టింది సార్.

యూనివర్సిటీ తమ్ముళ్ళకు, హాస్టల్ చెల్లెళ్ళకు ఒక పని. ఈ ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు మీ వాడ నుంచి బస్సెక్కే చోటికి నడవండి. దూరం రాసుకోండి. రద్దయిన ట్రిప్పుల వివరాల కోసం సమాచార హక్కు చట్టం కింద మీ డిపోకు ఒక దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు ఎట్లా రాయాలో తెలియకపోతే నాకు మెసేజ్ చేయండి, కలిసి రాద్దాం. ఆ లెక్క పట్టుకుని మీ ఎమ్మెల్యే ఇంటికి పోండి. శాలువా వద్దు, బొకే వద్దు. పై ప్రశ్న కాగితం ఇచ్చి, "సార్, వచ్చే సమావేశాల్లో ఇది మీ పేరుతో రావాలి" అని చెప్పి రండి. సమావేశాలు అయ్యాక ప్రశ్నల జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసి ఇక్కడే పోస్టు పెడదాం. ఉంటే చప్పట్లు కొడదాం, ఏ పార్టీ అయినా సరే. లేకపోతే ఓట్లకు వచ్చినప్పుడు వాళ్ళను మనమే అడుగుదాం.

మాయమ్మ నిన్న తిరిగి ఊరికి పోయింది. మెయిన్ రోడ్డు మీద దిగి ఫోన్ చేసింది. "దిగినా నాయనా, ఇంగ నడస్తా" అని.

ఆమె నడిచే ఆ 4 కిలోమీటర్లే నా ప్రశ్న.

జై భీం.

(వచ్చే వారం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఊర్లోనే ఎందుకుంటుంది, వాడలో ఎందుకుండదు?)