గాలిమర కింద బంజరు: సాంకేతికత, అధికారం, తెలుగు పరిభాష

సాంకేతికత తటస్థమైనదనీ, మంచిచెడ్డలు దాన్ని వాడేవారి చేతిలోనే ఉంటాయనీ విద్యాలోకంలో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఆ అభిప్రాయం నిలవదని చెప్పడానికి అణ్వాయుధాల దాకా పోనక్కరలేదు. కళ్యాణదుర్గం, బెళుగుప్ప ప్రాంతాలలో తిరుగుతున్న గాలిమరలు చాలు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ పీఠభూమిలో కొదవ లేనిది గాలి ఒక్కటే. అది విద్యుత్తుగా మారుతుంటే సంతోషించక ప్రశ్నించడం ఎందుకని అడిగేవారున్నారు. గాలితో ఎవరికీ పేచీ లేదు. మర పాదం మోపిన నేలను ఏ పేరుతో పిలిచారన్నదే ఇక్కడి ప్రశ్న. పేరు పెట్టడం భాషావ్యవహారం కనుక ఈ వివాదంతో తెలుగు శాఖలకు నిమిత్తం లేదనడం బాధ్యతను తప్పించుకోవడమే.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో 1807 దాకా అనంతపురం కేంద్రంగా కలెక్టరుగా ఉండి, పొలాలను కొలిపించి, ఇక్కడ రైతువారీ శిస్తుకు పునాది వేశాడు. శిస్తు ఇచ్చే నేలకే ఆ లెక్కలో విలువ. తక్కినది బంజరు, పోరంబోకు. మొదటి మాట హిందుస్తానీ నుంచి, రెండవది తమిళం నుంచి వచ్చి రెవెన్యూ తెలుగులో స్థిరపడ్డాయి. బంజరుకు నిస్సారమైన నేల అని అర్థం చెప్పుకున్నా, దస్తావేజులో అది ఖజానాకు రాబడి లేని నేల మాత్రమే. గొర్రెలు మేసే గుట్ట, కప్పుకు బోదగడ్డి కోసుకునే వాలు, ఈతచెట్లు పెరిగే వాగు, అన్నీ ఒకే గడిలో పడ్డాయి. ఖజానాకు పనికిరానిది ఎవరికీ పనికిరానిదైంది.

స్వతంత్ర భారతం ఈ గడిని చెరపలేదు, ఉపగ్రహం ఎక్కించింది. దేశంలోని బంజరు భూముల అట్లాసు మొదటిసారి 2000లో వెలువడింది. దాని వెనుక ఉన్నది హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ సాంకేతిక కృషి. ఆ అట్లాసు వర్గీకరణలో పొదలున్న భూములు కూడా బంజరు కిందికే వస్తాయి. ఉపగ్రహం పొదను చూస్తుంది, దాని రంగును గుర్తిస్తుంది. ఆ రంగును ఏ పేరు కింద రాయాలో అది చెప్పదు. పేరు మన్రో కాలపు లెక్కల నుంచి అందింది. యంత్రం చేసిన వర్గీకరణ కనుక నిష్పాక్షికమన్న వాదం ఇక్కడే కూలిపోతుంది.

ఈ పేరు ఏం చేయగలదో కళ్యాణదుర్గానికి ఆగ్నేయంగా ఉన్న కల్పవల్లి తేల్చింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో చుట్టుపక్కల గ్రామాల వాళ్లు 1990ల నుంచి వేల ఎకరాల గుట్టలను కాపాడి మళ్లీ పచ్చబరిచారు. దస్తావేజులో మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. నల్లకొండ పవనవిద్యుత్ క్షేత్రం అక్కడే వచ్చింది. రికార్డులో అడవి కాదు కనుక అటవీ అనుమతి అక్కరలేకపోయింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటనలో పవనవిద్యుత్తు లేదు కనుక ఆ విచారణా లేదు. భారీ రెక్కలను మోసే వాహనాల కోసం వాలులను కోసి బాటలు వేశారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గడ్డి పెంచినవారు తాము పెంచినది గడ్డేనని రుజువు చేసుకోవలసి వచ్చింది.

అధికారపు రెండవ కొస దేశం వెలుపల ఉంది. 1997 నాటి క్యోటో ఒప్పందం పారిశ్రామిక దేశాలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. పేద దేశంలో తగ్గించినట్లు చూపిన ప్రతి టన్ను కర్బన వాయువునూ కొనుక్కొని తమ లెక్కలో జమ చేసుకోవచ్చు. ఆ జమాఖర్చులో విద్యుత్ యూనిట్లకు గడి ఉంది, మేతకు లేదు. ఇక యంత్రం మీద హక్కు సంగతి. జర్మనీకి చెందిన ఎనర్కాన్ గాలిమరలను, పేటెంటు తగాదా తీర్పుతో అమెరికా 1990లలో తన మార్కెట్టులోకి రానివ్వలేదు. ఆ తగాదా వెనుక గూఢచర్యం ఉందన్న ఆరోపణను ఐరోపా పార్లమెంటు 2001 నివేదిక ప్రస్తావించింది. అదే సంస్థకూ దాని భారతీయ భాగస్వాములకూ మధ్య పేటెంట్ల పోరు 2014లో మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. గాలి అందరిది. రెక్క వంపు మాత్రం ఒకరి సొత్తు.

2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌరవిద్యుత్ కొనుగోలు ధరలను తిరగదోడడానికి పూనుకున్నప్పుడు జపాన్ రాయబారి ముఖ్యమంత్రికి లేఖ రాశారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పంద ధరలనే చెల్లించమంది. ధర తగ్గించడం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. పెట్టుబడికి దెబ్బ తగిలితే రాయబారి కలం కదులుతుంది. గొర్రెల బాట తెగితే కదిలే కలం ఏ రాజధానిలోనూ లేదు. ఒప్పందం పవిత్రమైనప్పుడు, తరాల మేత వాడుక ఒప్పందం ఎందుకు కాలేదు? అది రాతలో లేకపోవడం వల్ల.

బొగ్గు మానకపోతే ముందు మాడేది అనంతపురమే కదా అన్నది బలమైన ఆక్షేపణ, నిజం కూడా. కౌలో పరిహారమో అందుకున్న పట్టాదారు సంతోషమూ నిజమే. అయితే ఈ రెండు నిజాలూ పట్టా లేని కాపరికి జవాబు కావు. భూతాపం అందరి కష్టమైతే దాని నివారణకు అయ్యే ఖర్చును లెక్కలో లేనివాడి మీద మోపడం ధర్మం కాదు.

ఈ అపరాధంలో తెలుగు విమర్శకూ వాటా ఉంది. సింగమనేని నారాయణ ‘జూదం’ కథలో వేరుశనగ సేద్యం జూదమైంది వాన ఒక్కదాని వల్ల కాదు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందాక, ఆ చారిత్రక నవల శీర్షికను భౌగోళిక నిర్వచనంగా వాడేవారు తయారయ్యారు. సీమ అంటే ఎడారి, బీడు, శాపం అని సానుభూతితో రాసిన ప్రతి వాక్యమూ ఆ నేల ఖాళీగా ఉందని సాక్ష్యం పలుకుతుంది. ఖాళీ నేల కావలసినవాడికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. కరువును వర్ణించడంలో చూపిన శ్రద్ధ కరువులోనూ బతికించిన గుట్టను వర్ణించడంలో చూపలేదు.

చేయవలసిన పని స్పష్టం. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవి అన్న మాటకు నిఘంటువు అర్థాన్నే ప్రమాణంగా తీసుకోమంది. 2024 ఫిబ్రవరిలో ఆ మాటనే మళ్లీ నిలబెట్టింది. నిఘంటువుకు న్యాయస్థానంలో అంత బరువున్నప్పుడు నిఘంటుకారుల మౌనం తటస్థత అనిపించుకోదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంలో వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి సేకరించే పద్ధతిని చూపారు. కళ్యాణదుర్గం, కుందుర్పి, శెట్టూరు మండలాల కాపరుల నోట గుట్టకూ వాలుకూ గడ్డికీ ఉన్న పేర్లను, ఏ కార్తెలో ఎక్కడ మేపుతారన్న వివరంతో సహా, అదే పద్ధతిలో నమోదు చేయాలి. పేరున్న నేలను బంజరని రాయడం గుమాస్తాకు కష్టమవుతుంది. మరో మర లేవకముందే ఆ పేర్లు కాగితం మీదికి రావాలి.