గండి పూడ్చకుండా నీళ్లు తోడితే...

కాలువ గట్టుకి గండి పడింది. నీళ్లు చేలోకి పోటెత్తుతున్నాయి. రైతు ముందేం చేస్తాడు? పరుగున వెళ్లి ఇసుక బస్తాలు వేసి గండి పూడుస్తాడు. చేలో నిలిచిన నీళ్లు తోడిపోసే పని ఆ తరవాతే. ఈ వరస ఎవరికీ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. కానీ సముద్రంలో పేరుకుంటున్న ప్లాస్టిక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం వరస తిరగబడుతోంది. తోడే వాళ్లకి చప్పట్లు, కెమెరాలు. గండి దగ్గర మాత్రం ఎవరూ ఉండరు!

2022 ఆగస్టు 26న విశాఖ తీరంలో కనిపించిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. భీమిలి దాకా దాదాపు 28 కిలోమీటర్ల పొడవునా 20 వేల మందికి పైగా జనం ఇసుకలోకి దిగారు. విద్యార్థులు, ఉద్యోగులు, మత్స్యకారులు... తలా ఓ సంచీ పట్టుకుని చెత్త ఏరారు. అధికారులు చెప్పిన లెక్క ప్రకారం ఆ ఒక్క రోజే పోగైన ప్లాస్టిక్ 76 టన్నులు. ఊరు గర్వపడాల్సిన పనే. అయితే ఆ గర్వం వెనకే ఓ ప్రశ్న కూడా ఉంది. ఆ 76 టన్నులూ అక్కడికి ఎలా వచ్చాయి? వచ్చిన దారి ఇంకా తెరిచే ఉందా?

నడిసంద్రంలో చీపురు

ఏరివేతను ఇంతకన్నా పెద్ద ఎత్తున తలపెట్టిన కుర్రాడొకడున్నాడు. పేరు బోయన్ స్లాట్, నెదర్లాండ్స్ దేశస్థుడు. పదహారేళ్ల వయసులో గ్రీసులో సముద్రంలోకి దూకి ఈతకొడితే చేపలకన్నా ప్లాస్టిక్ సంచులే ఎక్కువ కనిపించాయట. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి, 2013లో, ‘ది ఓషన్ క్లీనప్’ అనే సంస్థ పెట్టాడు. హవాయికీ కాలిఫోర్నియాకీ మధ్య పసిఫిక్ మహాసముద్రంలో ప్రవాహాల సుడిలో చిక్కి తిరుగుతున్న చెత్తను ఊడ్చెయ్యాలన్నది అతని లక్ష్యం.

2018 సెప్టెంబరులో 600 మీటర్ల తేలే గొట్టాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సముద్రంలోకి లాక్కెళ్లారు. అది ప్లాస్టిక్‌ని పట్టి ఉంచలేకపోయింది. ఏడాది చివరికల్లా దాని కొస ఒకటి విరిగిపోయింది కూడా. స్లాట్ బృందం వెనక్కి తగ్గలేదు. 2019లో మార్చిన నమూనా చెత్తను పట్టింది. 2023 నాటికి రెండు ఓడలు కలిసి లాగే రెండు కిలోమీటర్లకు పైగా పొడవైన వల సిద్ధమైంది. ఆ పట్టుదలకి నమస్కారం పెట్టాల్సిందే.

మరి లెక్క ఏమంటోంది?

2018లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం ఆ సుడిలో తేలుతున్న ప్లాస్టిక్ దాదాపు 80 వేల టన్నులు. ప్రపంచవ్యాప్తంగా తీరప్రాంత దేశాల నుంచి 2010లో సముద్రంలో కలిసింది 48 లక్షల నుంచి 127 లక్షల టన్నులని 2015లో మరో అధ్యయనం తేల్చింది. మధ్యస్థంగా ఏడాదికి 80 లక్షల టన్నులు అనుకుందాం. అంటే పసిఫిక్ సుడిని చివరి ముక్క దాకా ఊడ్చేసినా, నాలుగు రోజులు తిరక్కుండానే అంత ప్లాస్టిక్ మళ్లీ ఎక్కడో ఓచోట కడలిలోకి చేరిపోతుంది! నదుల ద్వారా వచ్చేది మాత్రమే లెక్కేసి, అందులోనూ ఓ తక్కువ అంచనా అయిన 8 లక్షల టన్నులే తీసుకున్నా నెలా పది రోజుల్లోపే సరి.

ఖర్చు సంగతీ చూడాలి. ఆ సుడిని శుభ్రం చెయ్యడానికి పదేళ్లు, 750 కోట్ల డాలర్లు కావాలని 2024లో ఆ సంస్థే ప్రకటించింది. పైగా నీటి మీద తేలుతూ బతికే చిన్న నత్తలు, జెల్లీ జీవులు కూడా చెత్తతోపాటే వలలో పడతాయేమోనని కొందరు శాస్త్రవేత్తల ఆందోళన. సముద్రంలో పడిన ప్లాస్టిక్ అంతా పైకి తేలదు. కొంత మునుగుతుంది, కొంత ఎండకీ అలలకీ పొడిపొడి అవుతుంది. ఆ పొడిని ఏరే చీపురు ఇంతవరకూ లేదు.

గండి ఎక్కడుంది?

సముద్రానికి చాలా దూరంలో, మన వీధి చివరే ఉంది. నదుల ద్వారా కడలికి చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అందులో అందరినీ ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. నేరమంతా పెద్ద పెద్ద జీవనదులదే కాదు. తీరాన్ని ఆనుకుని ఉన్న పట్టణాల మధ్యగా పారే చిన్న చిన్న నదులు, కాలువల వాటా చాలా ఎక్కువ. హైదరాబాద్ నాలాలో పడ్డ కవరు మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి దిగి, ఆనకట్టలన్నీ దాటి బంగాళాఖాతం చేరాలంటే చాలా ప్రయాణమే. మధ్యలో గట్ల మీదో తూముల దగ్గరో ఆగిపోయేవే ఎక్కువ. అదే విశాఖ గెడ్డలో పడిందా... ఒక్క పెద్ద వాన చాలు!

ఇక ఆ గెడ్డల్లోకి చేరే సరుకేమిటో చూడండి. నీళ్ల సీసాలు తక్కువే ఉంటాయి. వాటికి పాత సామాన్ల కొట్లో ధర ఉంది కాబట్టి చెత్త ఏరుకునేవాళ్లు వదలరు. పల్చటి కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు మాత్రం ఎవరూ ముట్టుకోరు. రోజంతా ఏరినా కిలో తూగవు, తూగినా కొనేవాడుండడు. ఏ వస్తువుకి ధర లేదో అదే సముద్రం దాకా వెళుతుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఒక్కసారి వాడి పారేసే ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాల వంటి వాటిని కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. చేతిసంచీల మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదని అదే ఏడాది చివర్లో నియమం వచ్చింది. కానీ షాంపూ పొట్లాలు, చిప్స్ ప్యాకెట్లు ఆ నిషేధంలో లేవు. ఆ చెత్తను వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసే కంపెనీలదేనని నియమాలైతే చెబుతున్నాయి. అది కాగితం దాటి వీధి కుండీ దాకా వస్తేనే గండి పూడినట్టు.

ఏరడం మానెయ్యాలా?

అక్కర్లేదు. నిలిచిన నీళ్లూ తోడాల్సిందే, లేకపోతే చేను కుళ్లిపోతుంది. పసిఫిక్ సుడిలోని బరువులో దాదాపు సగం, 46 శాతం, చేపల వలలే. తాబేళ్లకి ఉరితాళ్లలా మారే ఆ వలల్ని తీసెయ్యడం అవసరమే. కాకపోతే ఏరివేత ఎక్కడ చేస్తే చవకో అక్కడ చెయ్యాలి. అమెరికాలోని బాల్టిమోర్ వాళ్లు 2014లో కాలువ నోటి దగ్గరే నీటిచక్రం పెట్టి, చెత్తను రేవులోకి వెళ్లకుండా పట్టేస్తున్నారు. కేరళలో కొల్లం దగ్గరి నీండకర రేవులో 2017లో మత్స్యకారులే రంగంలోకి దిగారు. అంతకుముందు వలలో పడిన ప్లాస్టిక్‌ని తిరిగి సముద్రంలోకే విసిరేసేవాళ్లు. దాన్ని సంచుల్లో ఒడ్డుకి తెచ్చి, రేవులోనే తురుముగా మార్చి రోడ్లకి వాడే ఏర్పాటు చేశారు. చేపలు దొరక్కపోతే ముందు ఖాళీ అయ్యేది తమ కంచాలేనని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు మరి.

అసలు గండి ఇంకా పైనుంది. 2019లో ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ 46 కోట్ల టన్నులు. వ్యర్థాలుగా మారిన దాంట్లో తిరిగి వాడుకలోకి వచ్చింది 9 శాతమే. ఉత్పత్తికి పగ్గం వెయ్యాలా వద్దా అన్న దగ్గరే దేశాలు పట్టుపట్టి కూర్చున్నాయి. చమురు దేశాలు వద్దంటాయి, ద్వీప దేశాలు కావాలంటాయి. ఫలితంగా 2024లో బుసాన్‌లోనూ, 2025 ఆగస్టులో జెనీవాలోనూ ఒప్పందం కుదరకుండానే చర్చలు ముగిశాయి.

ఈసారి తీరం శుభ్రం చేసే కార్యక్రమం జరిగితే తప్పకుండా వెళ్లండి. అయితే ఏరినదాన్ని టన్నుల్లో తూచి ఊరుకోకండి. ఏ కంపెనీ పొట్లాలు ఎన్ని, ఏ గెడ్డ నోటి దగ్గర ఎంత పోగైందో కాగితం మీద రాయించండి. దాన్ని కార్పొరేషన్ ముందూ కంపెనీ ముందూ పెట్టండి. ఏరిన చెత్త డంపుయార్డుకి వెళ్లిపోయినా, ఆ కాగితం గండి ఎక్కడుందో చూపిస్తుంది.