జ్ఞాపకం చెదరకముందే సాక్ష్యం నమోదు కావాలి

2007 ఆగస్టు 20న పాడేరు ఏజెన్సీలోని వాకపల్లి గ్రామానికి కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోదు స్త్రీలు ఫిర్యాదు చేశారు. కేసు కోర్టుల చుట్టూ తిరిగింది. విచారణ జరగవలసిందేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం పదముగ్గురు పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ తీర్పే దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, బాధిత స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

ముస్లింల హక్కుల పత్రికకు కొండల్లోని ఈ కేసుతో పనేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. అదే సంవత్సరం మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తరువాత హైదరాబాదులో మన యువకులను ఎందరినో పట్టుకుపోయారు. వారిని హింసించిన తీరుపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ నివేదిక ఇచ్చారు. చివరికి 2018 ఏప్రిల్ 16న ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణలో పలువురు సాక్షులు ఎదురు తిరిగారు. అక్కడ బాధితులకు, ఇక్కడ బాధితులకు, అన్యాయంగా అనుమానానికి గురైన వారికి జరిగిన నష్టం ఒక్కచోటే మొదలయింది. సాక్ష్యాన్ని సకాలంలో, సక్రమంగా సేకరించలేదు.

మనిషి జ్ఞాపకం పెట్టెలో దాచిన దస్తావేజు కాదు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే శాస్త్రవేత్త కార్ల ప్రమాదం ఫిల్మును విద్యార్థులకు చూపించి, కార్లు 'తగిలినప్పుడు' వేగమెంత అని కొందరిని, 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' వేగమెంత అని మరికొందరిని అడిగారు. రెండవ ప్రశ్న విన్నవారు ఎక్కువ వేగం చెప్పారు. వారం తరువాత వారిలోనే ఎక్కువమంది పగిలిన గాజు చూశామన్నారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. ప్రశ్న వేసే మాటే జ్ఞాపకాన్ని మార్చగలిగితే, పోలీసు స్టేషనులో ఒకే ఫోటోను ముందుపెట్టి 'వీడేనా?' అని అడగడం ఏమి చేస్తుందో ఊహించుకోవచ్చు. ఆయుధం ఎదుట నిలిచినవారి చూపు ఆయుధంపైనే నిలిచిపోతుంది, ముఖం సరిగా గుర్తుండదు. తెలుగు మాతృభాష కాని ఆదివాసీ స్త్రీ మాట దుబాసీ నోట మారి కాగితంపైకి వస్తే, అది ఎంతవరకు ఆమె మాటగా మిగులుతుంది?

జ్ఞాపకం బలహీనమని చెప్పి బాధితుల మాటను కొట్టివేయడం మాత్రం మా ఉద్దేశం కాదు. ఫిర్యాదు నాడు తాజాగా ఉన్నదాన్ని నమోదు చేయకుండా వదిలి, పదేళ్ళు దాటాక బోనులో నిలబెట్టి తేదీలు, ముఖాలు అడగడం న్యాయం కాదంటున్నాం. ఆలస్యం ఎవరిదో వారే జవాబు చెప్పాలి.

ఈ జాగ్రత్త మనకు కొత్తది కాదు. సూరా బఖరా 282వ ఆయత్ అప్పును రాసిపెట్టమంటుంది. సాక్షులలో ఒకరు మరచితే మరొకరు గుర్తుచేయాలంటుంది. హదీసు పండితులు ఉల్లేఖకుని సత్యసంధతతో తృప్తి పడలేదు. అతని జ్ఞాపకశక్తిని కూడా విడిగా తూచారు. ముసలితనంలో మతిమరుపు వచ్చిందంటే, అంతకుముందు చెప్పిన మాటలను, ఆ తరువాతి మాటలను వేరుచేశారు. మన దర్యాప్తు విధానం ఆ పట్టింపులో సగమైనా చూపడం లేదు.

గుర్తింపు పరేడు మేజిస్ట్రేటు సమక్షంలో, వీలైనంత త్వరగా జరగాలి. అంతకుముందే నిందితుణ్ణి, అతని ఫోటోను సాక్షికి చూపిస్తే ఆ పరేడుకు విలువ పోతుంది. అందుచేత పిల్లవాడిని అరెస్టు చేశారని తెలియగానే అతని ఫోటోలను వాట్సాప్‌లో పంచడం మానండి. సానుభూతితో చేసినా అది అతనికే చేటు. స్టేషనులో తనను ఎవరికైనా చూపించి ఉంటే, మొదటి అవకాశంలోనే మేజిస్ట్రేటుకు చెప్పుకోమనండి. బాధితుల పక్షాన ఉన్నవారు చూసినదంతా ఆనాడే విడివిడిగా, తమ భాషలో, తేదీ వేసి రాసిపెట్టుకోవాలి. పదిమంది కూర్చుని కథ కలుపుకోరాదు. మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం కోరాలి. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షను, పాత చట్టంలో 164. అరకు, పాడేరు ప్రాంతాల్లో ఆదివాసీ భాషలు తెలిసిన, పోలీసులతో సంబంధం లేని దుబాసీల జాబితాను న్యాయసేవాధికార సంస్థ సిద్ధం చేసి ఉంచాలని మేము కోరుతున్నాం.