యాత్రాదర్శిని: కాలిన ఇటుకల వీధిలో సైకిల్ ప్రయాణం

ఉదయం టీ త్రాగే కప్పు మొదలుకొని ఆవకాయ జాడీ వరకు పింగాణీ మన ఇళ్లలో నిత్యం మెలగే వస్తువు. అది ఎక్కడ పుట్టినది, ఏ చేతుల మీదుగా లోకమంతా వ్యాపించినది అనే ఆలోచన మాత్రం మనకు కలగదు. గత నవంబరు మాసంలో జపాన్‌లోని అరితా పట్టణాన్ని సైకిల్‌పై చూచే అవకాశం లభించినప్పుడు నాకు ఆ ఆలోచన కలిగింది. ఆ అనుభవాన్ని ఈ సంచికలో పాఠకులతో పంచుకొంటున్నాను.

అరితా క్యూషూ ద్వీపంలో, సాగా ప్రాంతంలోని చిన్న ఊరు. జనాభా ఇరవై వేలకు లోపు. ఫుకుఓకా నగరంలోని హకాతా స్టేషన్ నుండి ఎక్స్‌ప్రెస్ రైలులో సుమారు గంటన్నర ప్రయాణం. రెండు కొండల వరుసల నడుమ ఇరుకైన లోయ, ఆ లోయ పొడవునా ఒకే ఒక ప్రధాన వీధి, ఆ వీధికి ఇరువైపులా పాతకాలపు దుకాణాలు, పనిశాలలు. కాలినడకన చూడాలంటే దూరం ఎక్కువ, కారులో వెళితే ఏమీ కనిపించదు. ఇటువంటి ఊరికి సైకిలే తగిన వాహనం.

మేము ఐదుగురము. మాకు దారి చూపినది అరవై ఏళ్లు దాటిన ఒక మహిళ. పింగాణీ పనిశాలలో చిరకాలం పనిచేసి విరమించిన తరువాత ఈ బాధ్యత చేపట్టినదట. ఇంగ్లీషు నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడేది. జపాన్‌లోనూ మనవలెనే ఎడమవైపు ప్రయాణం కనుక సైకిల్ త్రొక్కడంలో ఇబ్బంది కలుగలేదు. వెళ్లేటప్పుడు మెల్లని ఎత్తు, తిరిగి వచ్చేటప్పుడు పల్లం. "కష్టం ముందు, సుఖం తరువాత" అని ఆమె నవ్వుతూ చెప్పి ముందు నడిచింది.

మొదటి మజిలీ తోజాన్ ఆలయం. ఆలయం మెట్ల ముందు నుండే రైలు పట్టాలు పోతాయి. సైకిళ్లు దిగి, అటూ ఇటూ చూచుకొని, పట్టాలు దాటి పైకి వెళ్లాలి. అక్కడి తోరణ ద్వారం కర్రదీ కాదు, రాతిదీ కాదు, పింగాణీది. 1888లో నిలిపినది. తెల్లని స్తంభాలపై నీలిరంగు లతలు నేటికీ మెరుస్తున్నాయి.

ఈ ఆలయంలో హచిమాన్ దైవంగా భావించే ఓజిన్ చక్రవర్తితో పాటు మరి ఇద్దరు పూజలందుకొంటున్నారు. ఒకరు ఈ ప్రాంతాన్ని ఏలిన నబేషిమా నవోషిగే ప్రభువు. రెండవవారు యి సామ్‌ప్యోంగ్ అనే కొరియా కుమ్మరి. 1592 - 1598 సంవత్సరాల మధ్య తొయొతోమి హిదెయోషి సేనలు కొరియాపై రెండుసార్లు దండెత్తాయి. తిరుగుముఖం పట్టిన ప్రభువులు తమ వెంట కుమ్మరులను తీసుకొనివచ్చారు. అట్లా వచ్చినవారిలో యి సామ్‌ప్యోంగ్ ఒకరు. 1616లో ఇజుమియామా కొండలో పింగాణీకి తగిన తెల్లని రాతిని ఆయన కనుగొన్నట్లు చెబుతారు. అంతవరకు జపాన్‌లో పింగాణీ తయారీ లేదు. ఆలయం పైనున్న కొండమీద ఆయనకు 1917లో స్మారకస్తంభం నిలిపారు.

"తెచ్చిన ప్రభువునూ, తేబడినవానినీ ఒకే చోట పూజించడం మీకు వింతగా తోచదా?" అని నేను అడిగాను. అడిగిన తరువాత అడుగకుండా ఉండవలసినదేమో అనిపించింది.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట ఇట్లా అన్నది: "చిన్నతనంలో తోచలేదు. ఈ పని మొదలుపెట్టిన క్రొత్తలో 'ఆయన కొరియా నుండి వచ్చారు' అని చెప్పేదాన్ని. ఒకసారి కొరియా యాత్రికులతో వచ్చిన ఒక వృద్ధుడు 'వచ్చారా, తెచ్చారా?' అని అడిగాడు. అప్పటి నుండి 'వచ్చారు' అనడం మానివేశాను."

సాంకేతిక పరిజ్ఞాన బదిలీ అనే మాటను మన కార్యాలయ పత్రాలలో ఎంతో తేలికగా వ్రాస్తుంటాము. పరిజ్ఞానం ఒక మనిషి చేతులలో ఉన్నప్పుడు ఆ మనిషిని కూడ బదిలీ చేయవలసి వస్తుందనీ, అందుకు ఆతని సమ్మతి అడిగారో లేదో చూడాలనీ ఆ మెట్లపైనే నాకు తట్టింది.

అరితా వృద్ధి త్వరితంగా సాగింది. 1637లో పాలకులు బట్టీలను పదమూడింటికి కుదించి, ఎనిమిది వందల మందికి పైగా జపానీ కుమ్మరులను వెళ్లగొట్టారు. అడవులలోని వంటచెరకు తరిగిపోతున్నదనేది చెప్పిన కారణం. నైపుణ్యం కొద్దిమంది చేతులలోనే నిలిచింది. ఇంతలో చైనాలో మింగ్ వంశం పతనమై కల్లోలం చెలరేగింది. అక్కడి ఎగుమతులు కుంటుపడగా డచ్చి వర్తక సంఘం ఇటు మళ్లింది. 1659లో ఒక్కసారిగా యాభై వేలకు పైగా పాత్రలకు ఉత్తరువు వచ్చింది. సరుకు సమీపంలోని ఇమారి రేవు నుండి ఓడలకు ఎక్కేది కనుక యూరపులో దానికి ఇమారి అనే పేరు స్థిరపడింది. చేసిన ఊరి పేరు మరుగున పడి, ఎగుమతి చేసిన రేవు పేరు మిగిలింది.

చేసిన మనిషి పేరు అంతకన్న మరుగున పడింది. ఒక పళ్లెం ఒక్కరి పని కాదు. సారెపై మలచేవారు ఒకరు, సన్నని కుంచెతో రేఖలు గీసేవారు ఒకరు, ఆ రేఖల మధ్య నీలిరంగు నింపేవారు మరొకరు. ఈ చివరి పనిని 'దామి' అంటారు. ఇది ఎక్కువగా స్త్రీల పని. లావుపాటి కుంచెను రంగునీటిలో ముంచి, గీత దాటకుండా, మరక పడకుండా నింపాలి. ఒకసారి కాల్చిన, మెరుగు పూయని పాత్ర రంగును వెంటనే పీల్చివేస్తుంది, కనుక దిద్దుబాటుకు తావులేదు. మా మార్గదర్శి చేసినది ఆ పనే. "మీరు రంగు నింపిన పళ్లెం ఎక్కడైనా కనబడితే గుర్తుపట్టగలరా?" అని మాలో ఒకరు అడిగారు. "గుర్తుపట్టలేను. గుర్తుపట్టగలిగితే నేను పని సరిగా చేయలేదన్నమాట" అన్నది ఆమె.

విద్యుత్తు శాఖలోని, ఒకప్పటి తంతి తపాలా శాఖలోని మిత్రులకు ఒక ముచ్చట. తంతి స్తంభాలకు కావలసిన పింగాణీ ఇన్సులేటర్లను జపాన్‌లో తొలిసారిగా 1870 ప్రాంతంలో తయారుచేసినది ఈ ఊరివారే. పూలకుండీలకు అలవాటుపడిన చేతులే క్రొత్త యుగానికి అవసరమైన వస్తువునూ అందించాయి.

ప్రధాన వీధి వెనుక సందులోనికి తిరిగినప్పుడు నేను సైకిల్ ఆపివేశాను. బట్టీల లైనింగు పనిలో ఏళ్లు గడిపిన నాకు అక్కడి గోడలను చూడగానే పాత పరిచయస్థులను కలిసినట్లయినది. వాటిని 'తొన్‌బాయ్' గోడలంటారు. కొండవాలుపై మెట్లు మెట్లుగా కట్టిన బట్టీలు పాతబడి కూల్చినప్పుడు మిగిలిన ఇటుకలనూ, పగిలిన పెంకులనూ ఎర్రమట్టితో పేర్చి కట్టినవి. సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడికి ఏళ్ల తరబడి ఓర్చిన ఆ ఇటుకల ముఖాలపై బూడిద కరిగి గాజువలె పేరుకొన్నది. ఒకటి ఊదారంగు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నలుపు. ఏ రెండూ ఒకటి కావు.

"మీ దేశంలో కాలిన ఇటుకలను ఏమి చేస్తారు?" అని ఆమె అడిగింది. "తొలగించి కుప్పవేస్తాము. కొన్నింటిని పొడిచేసి మరల వాడుతాము" అన్నాను. "మాది ఇరుకు లోయ. కుప్పవేయడానికి చోటు లేదు, అందువల్ల గోడలయ్యాయి" అన్నది. 1828లో తుపాను గాలికి చెలరేగిన అగ్నిప్రమాదంలో ఈ పట్టణం చాలావరకు దగ్ధమైనది. తిరిగి లేచిన ఈ వీధులను 1991లో ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

చివరి మజిలీ ఇజుమియామా. దారిలో వేయి సంవత్సరాల నాటిదని చెప్పే గింకో వృక్షం పసుపుపచ్చని ఆకులు రాల్చుతూ నిలిచి ఉన్నది. ఆ పైన గని. ఒకప్పుడు అది కొండ. నాలుగు వందల ఏళ్లుగా తవ్వగా ఇప్పుడు కొండ లేదు, గిన్నెవలె లోతైన పల్లం మాత్రమే ఉన్నది. అక్కడ తవ్వకం దాదాపుగా నిలిచిపోయినది. నేటి అరితా పింగాణీకి ముడిరాయి ప్రధానంగా కుమమోతో ప్రాంతంలోని అమకుసా దీవుల నుండి వస్తున్నది. "కొండ అంతా ఎక్కడికి పోయినది?" అని ఆమె తనకు తానే ప్రశ్న వేసుకొని, "లోకంలోని భోజనపు బల్లలపైకి" అని తానే జవాబు చెప్పింది.

తిరుగు ప్రయాణం పల్లం. త్రొక్కవలసిన పని లేకుండానే సైకిళ్లు వీధి వెంట జారిపోయాయి. ఆలయం ఎదుటికి వచ్చినప్పుడు ఆమె ఒక కాలు నేలపై ఆనించి, కొండవైపు తలవంచి నమస్కరించి, మరల బయలుదేరింది. మేము కూడ ఆగాము.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. ఏటా ఏప్రిల్ 29 నుండి మే 5 వరకు ఇక్కడ జరిగే పింగాణీ సంతకు లక్షల సంఖ్యలో జనం వస్తారు. కొనుగోలుకు అది మంచి సమయం, సైకిల్‌కు కాదు. ప్రశాంతంగా చూడదలచినవారికి నవంబరు మేలు. స్టేషన్‌లో అద్దె సైకిళ్లు లభిస్తాయి.

నేను అక్కడి నుండి తెచ్చుకొన్నది ఒక్క చిన్న పళ్లెం. అడుగున పనిశాల ముద్ర ఉన్నది, రంగు నింపినవారి పేరు లేదు. మా ఇంట దానిలో ఊరగాయ వడ్డించుకొంటున్నాము. చూచినప్పుడెల్ల గీత దాటని ఆ నీలిరంగును ఒకసారి పరికించి చూడడం మాత్రం అలవాటైనది.