నాన్నగారి కల కాదు, నీ సంగతి రాయి

మన దగ్గర ఇంటర్ పిల్లలకి కాలేజీ అంటే ర్యాంకు. కులం సర్టిఫికెట్టు అడుగుతారు, ఆదాయం సర్టిఫికెట్టు అడుగుతారు, ఆ పిల్ల ఏమనుకుంటోందో మాత్రం ఎవరూ అడగరు. అమెరికా కాలేజీల్లో డిగ్రీకి చేరాలంటే 'కామన్ అప్లికేషన్'లో తన గురించి తనే 650 పదాలు మించకుండా రాసుకోవాలి. ఇవి ఎంతమంది పిల్లలకి అందుబాటులో ఉన్నాయన్నది పెద్ద ప్రశ్నే, దాని గురించి మరోసారి మాట్లాడుకుందాం.

కొంతకాలంగా అలాంటి వ్యాసాలు నా దగ్గరికి వస్తున్నాయి, "మేడమ్, కాస్త చూడండి" అంటూ. నేను చూసినంతలో అబ్బాయిల వ్యాసంలో 'నేను' ఉంటుంది. అమ్మాయిల వ్యాసంలో 'మా నాన్నగారు' ఉంటారు. ఆయన కష్టం, ఆయన త్యాగం, ఆయన కల. చివరి పేరాలో ఎక్కడో పిల్ల కనిపిస్తుంది, ఆ కల నెరవేరుస్తానని మాటిస్తూ! 'నేను' అంటే పొగరు అనే ఇళ్లలో పెరిగిన పిల్లలు మరెలా రాస్తారు?

అదే దరఖాస్తులో చదువు కాక ఇంకేం చేస్తున్నారో చెప్పడానికి పది గడులుంటాయి. వారానికెన్ని గంటలు, ఏడాదికెన్ని వారాలు అన్నది కూడా రాయాలి. నాట్యం, ఆటలతో పాటు 'కుటుంబ బాధ్యతలు' అనే విభాగమూ ఉంది. ఒక అమ్మాయి గడులన్నీ ఖాళీగా వదిలేసి, "నేనేం చెయ్యను మేడమ్, ఇంట్లోనే ఉంటా" అంది. కూర్చోబెట్టి లెక్క వేయించాను. నీళ్లు పట్టడం, తమ్ముడికి బాక్సు కట్టడం, వాడి హోంవర్కు, మంచం పట్టిన నాయనమ్మకి స్నానం, మందులు. వారానికి 22 గంటలు, ఏడాదికి 52 వారాలు. ఆ అంకె చూసి పిల్ల కంటే పక్కనున్న వాళ్లమ్మే ఎక్కువసేపు మాట్లాడలేకపోయింది. 2019లో కేంద్రప్రభుత్వం జరిపిన సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలని తేలింది. ఆ 299 నిమిషాలకి ఒక దరఖాస్తులోనైనా గడి ఉంది కదా, ఎందుకు ఖాళీగా వదలాలి?

అలాగని కన్నీళ్లు కురిపించమనడం లేదు. జాతిని బట్టి సీట్లివ్వకూడదని 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో రాస్తే దాన్ని పరిగణించవచ్చని అదే తీర్పులో ఉంది. అంటే వ్యవస్థ చేసిన గాయాన్ని ఇప్పుడు పదిహేడేళ్ల పిల్లలే విప్పి చూపించుకోవాలి. నాకిది మింగుడుపడదు. 1855లో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తాబాయి, మాంగ్ కులానికి చెందిన 14 ఏళ్ల పిల్ల, తన వాళ్ల దుఃఖం గురించి వ్యాసం రాస్తే 'జ్ఞానోదయ' పత్రిక అచ్చువేసింది. ఆ పిల్ల ఎవరి జాలీ కోరలేదు. అసలు మా మతం ఏదని నిలదీసింది.

మా అమ్మాయి మూడోసారి రాసిన దాంట్లో నాన్నగారు రెండు వాక్యాలకి తగ్గారు. నాయనమ్మ మందుల చీటీలు చదవడానికి తను ఇంగ్లీషు ఎలా కూడబలుక్కుందో, ఏ మందు ఎందుకో డాక్టరుని అడిగితే ఆయన విసుక్కున్నా ఎలా మళ్లీ అడిగిందో రాసింది. వాళ్ల బాబాయి దిద్దిపెడతానన్నాడట. స్పెల్లింగులు మాత్రమే చూడమని చెప్పిందట.