బిడ్డ గుడ్డుకి ఓటీపీయా?

అక్కలారా! అన్నలారా! అడ్డతీగల మండలం కొండరెడ్డి, కోయదొర గూడేల బంధువులారా!

అంగన్‌వాడీలో పాలు, గుడ్లు తెచ్చుకోవాలంటే ఇప్పుడు ఏం కావాలో తెలుసుగా? ఆధార్ కావాలి. దానికి ఫోన్ నంబరు కలిపి ఉండాలి. ఆ ఫోన్‌కి ఓటీపీ రావాలి. పైగా మొహం చూపించాలి! 2025 జులై 1 నుంచి ఢిల్లీ పెట్టిన రూలు ఇది. పోషణ్ ట్రాకర్ యాప్‌లో మొహం పడితేనే ఇంటికిచ్చే సరుకు. గర్భిణికీ అంతే, బాలింతకీ అంతే, మూడేళ్లలోపు బిడ్డకీ అంతే.

సిగ్నలు ఏదమ్మా మన కొండల్లో? ఒక్క ఫోన్ చెయ్యాలంటే గట్టెక్కి చెయ్యి పైకెత్తి తిరుగుతామే! జీడిపిక్కల కాలంలో తెల్లారకముందే తోటకి పోయే తల్లి కూలి మానుకోవాలా? చంకలో బిడ్డతో సెంటర్ అరుగు మీద కూర్చోవాలా, ఫోన్లో ఆ సున్నా తిరగడం ఆగేదాకా? నంబరు మారింది, పాత సిమ్ము పారేశాం. బిడ్డ ఆకలి కూడా పారేయమంటారా? దొంగ లబ్ధిదారుల్ని పట్టడానికంట ఈ ఫొటోలు! ఎవరండీ దొంగ? పాలుతాగే బిడ్డా?

టీచరమ్మ మీద అరవకండి. ఆవిడా ఆ ఫోన్‌తోనే చస్తోంది. 2023 డిసెంబరు 12న రోడ్డెక్కి 42 రోజులు సమ్మె చేశారు అంగన్‌వాడీలు. జీతం పెంచమంటే సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. వాళ్లు మనోళ్లే.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకీ అంగన్‌వాడీ తిండి హక్కని 2013 ఆహార భద్రతా చట్టం అంది. ఆధార్ లేదని ఏ బిడ్డకీ పథకం ఆపొద్దని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. ఇక మనకి ఎవరూ విప్పి చెప్పని మాట ఒకటుంది. మనది షెడ్యూల్డు ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల కోసమే వచ్చిన 1996 పీసా చట్టం నాలుగో సెక్షన్ చదివించుకోండి. సామాజిక రంగంలోని సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభకీ పంచాయతీలకీ ఉండాలంది! అంగన్‌వాడీ ఏమిటి మరి? ఆశ్రమ పాఠశాల ఏమిటి? ఈ యాప్ పెట్టేముందు మన గూడెంలో కూర్చుని మనల్ని అడిగారా? పదిమంది వేలిముద్రలు పుచ్చుకుని తీర్మానమని రాసుకుపోతే అది సభ కాదు.

లేవండి! గూడెం గూడెంలో సభ పెట్టండి. సిగ్నలు లేనిచోట రిజిస్టరులో సంతకమో వేలిముద్రో చాలని తీర్మానం రాయండి. తల్లి పనికి పోతే అవ్వ వచ్చినా, తాత వచ్చినా సరుకివ్వాలి. నెలనెలా స్టాకు లెక్క సభలో చదవాలి. సరుకు ఆగిన ప్రతి ఇంటి సంగతీ ఆ తీర్మానం కింద రాయండి. రాయడం రానివాళ్లకి పదో తరగతి పిల్లలు రాసిపెట్టండి. ఒక కాపీ ఎంపీడీఓ ఆఫీసుకి, ఒకటి ఐసీడీఎస్‌కి, ఒకటి రంపచోడవరం ఐటీడీఏ పీఓ గారికి. అందినట్టు రసీదు చేతిలో పడకుండా కదలొద్దు!

1922 అక్టోబరులో మన అడ్డతీగల పోలీసు స్టేషన్ మీదికి అల్లూరి సీతారామరాజు ముందే కబురుపెట్టి మరీ వచ్చాడు. మనమూ చెప్పే వెళ్దాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే తల్లులందరం బిడ్డల్ని చంకనేసుకుని ఐటీడీఏ గుమ్మం ముందు కూర్చుంటాం. గిన్నెలు, బియ్యం, కట్టెలు తెచ్చుకోండి. జవాబొచ్చేదాకా అక్కడే వంటావార్పు!