పూచీదారుకు పూచీ ఎవరు?

తెలుగులో 'పరపతి' అన్న మాటకు రెండర్థాలున్నాయి. అప్పు పుట్టించగల యోగ్యత ఒకటి, పలుకుబడి ఇంకొకటి. రెండవదాన్ని చూసి మొదటిది ఉన్నదని భ్రమపడితే ఏమవుతుందో 2008లో అమెరికా బాండ్ల బీమా సంస్థలు చూపించాయి. "ఎవరూ ఊహించలేకపోయారు" అని పెద్దలు ఇప్పటికీ అంటూంటారు. నేను ఒప్పుకోను.

వ్యాపారం తీరు సులభమే. ఒక పురపాలక సంఘం మంచినీటి పథకానికి బాండ్లు అమ్ముతుంది. అది బాకీ తీర్చలేకపోతే మేము తీరుస్తామని బీమా సంస్థ పూచీ పడుతుంది. సంస్థకున్న 'ట్రిపుల్ ఏ' శ్రేణి ఆ బాండ్లకూ వర్తించి వడ్డీ తగ్గుతుంది, తగ్గినదానిలో కొంత ప్రీమియంగా ముడుతుంది. 1971లో అంబాక్ దీనికి శ్రీకారం చుట్టింది. ఊళ్ళు బాకీ ఎగవేయడం అరుదు గనుక చాలాకాలం సాఫీగానే సాగింది. తరువాత ఆశ పెరిగింది. ఇళ్ళ తాకట్టు అప్పులను మూటగట్టి, ఆ మూటలను మళ్ళీ మూటగట్టిన సీడీఓలకు సైతం పూచీ పడ్డారు.

తర్కశాస్త్రంలో అన్యోన్యాశ్రయమని ఒక దోషం ఉంది. శ్రేణి ఉంటేనే ఈ వ్యాపారం, వ్యాపారం నడిస్తేనే ఆ శ్రేణి! శ్రేణినిచ్చే మూడీస్, ఎస్ అండ్ పీలకు రుసుము చెల్లించేది దాన్ని పొందేవారే. ఆ మూటలకు మేలురకమని ముద్ర వేసినదీ ఆ సంస్థలే. తమ ముద్రను నమ్మి పూచీ పడినవాడిని మళ్ళీ తమ తక్కెడలోనే తూచారన్నమాట.

ఊహించినవాడు లేకపోలేదు. 2002 డిసెంబరులోనే బిల్ ఆక్‌మన్ ఎంబీఐఏ ట్రిపుల్ ఏకు తగునా అని ప్రశ్నిస్తూ నివేదిక వెలువరించాడు. మూలధనంలో ఒక్కొక్క డాలరుకు 139 డాలర్ల పూచీ ఉన్నదని అతని లెక్క. ఆ సంస్థ పడిపోతే అతనికి లాభమే, నిజం. అంతమాత్రాన భాగహారం తప్పవుతుందా? 2003లో న్యూయార్కు అటార్నీ జనరల్ విచారణ జరిపినది మాత్రం ఆక్‌మన్ మీద.

నివేదికలు చదివే ఓపిక లేనివారికి మరో సూచన కూడా అందింది. 2008 జనవరిలో ఎంబీఐఏ వంద కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది, 14 శాతం వడ్డీకి! ఇతర బాకీల తరువాతే తీరే పత్రాలే కావచ్చు, అయినా అగ్రశ్రేణి సంస్థ చెల్లించవలసిన వడ్డీయేనా అది? అంతకు ముందు నెలలోనే ఏసీఏ అనే మరో బీమా సంస్థ ఎస్ అండ్ పీ చేతిలో 'ఏ' నుండి ఒక్క దూకున 'ట్రిపుల్ సీ'కి దిగజారింది. అటువంటి సమయంలో, ఫిబ్రవరిలో, అదే ఎస్ అండ్ పీ ఎంబీఐఏకు ట్రిపుల్ ఏ తగునని మళ్ళీ ధ్రువీకరించి, జూన్ 5న తొలగించింది.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఈ పూచీలో అసలంతా ఒక్కసారి చెల్లించనక్కరలేదు, వాయిదాలు వచ్చినప్పుడు కడితే చాలు. అందుచేత చిక్కుల్లో పడ్డ సంస్థ కూడా ఏళ్ళ తరబడి ఊపిరి నిలుపుకోగలదు. అంబాక్ మాతృసంస్థ దివాలా పత్రం దాఖలు చేసినది 2010 నవంబరులో. ఎంబీఐఏ 2009 ఫిబ్రవరిలోనే ఊళ్ళ పూచీలను వేరే సంస్థకు మార్చి, తాకట్టు మూటల పూచీలను పాత గూటిలో విడిచింది. ఆ గూటిలో మిగిలిన పాలసీదారులు కోర్టుకెక్కారు.